దేవరకొండ దిక్కు 15 పడకల డీ అడిక్షన్ సెంటర్: పైసలు ఎక్కడివి, స్టాఫ్ ఎంతమంది, పెద్దగ ఎవరుండాలె

నమస్తే అన్నా. మీరు అడిగింది ఏందంటే, మీ ట్రస్టుకు దేవరకొండ రోడ్డు మీద ఒక ఖాళీ బిల్డింగ్ ఉంది, అండ్ల 15 పడకలతోని డీ అడిక్షన్ సెంటర్ పెడ్దామనుకుంటున్నరు, దానికి సెంట్రల్ గవర్నమెంట్ గ్రాంటు వస్తదా, స్టాఫ్ ఎంతమంది కావాలె, సెంటర్ కు పెద్దగ డాక్టరును పెట్టాల్నా లేకపోతే తాగుడు మానేసి మంచిగున్న మనిషిని పెట్టాల్నా అని. నేను పాలమూరు దిక్కు ఒక స్వచ్ఛంద సంస్థ సెంటర్ల స్టాఫ్ నర్సుగ చేరి, తర్వాత ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ గ చాన ఏండ్లు చేసిన. ఇప్పుడు కొత్తగ పెట్టేటోళ్లకు కాగితాల కాడ, స్టాఫ్ ట్రైనింగ్ కాడ సాయం చేస్తున్న. జవాబు జర పొడుగైతది, ఏమనుకోకండి.

ముందు అసలు మాట చెప్త. గ్రాంటు రావొచ్చు, కానీ ఆ గ్రాంటు మీద జీతాలు పెట్టుకొని సెంటర్ తెరిస్తే మీ దగ్గర పని నేర్చుకున్నోళ్లంత ఏడాది తిరగకముందే పోతరు. మన పనిల పెద్ద మిషన్లు లేవు, ఆపరేషన్ థియేటర్ లేదు, రాత్రి రెండు గంటలకు చెమటలు పట్టి వణుకుతున్న మనిషి పక్కన కూసునే నర్సు, వాని పెండ్లాంతోని మాట్లాడే కౌన్సెలర్, మళ్ల ఊరికి పోయినంక ఫోన్ చేసి ఎట్లున్నవే అని అడిగే మనిషి, ఇంతే ఉంటది. ఈ ముగ్గురికి మూడు నెలలు జీతం ఆగితే బిల్డింగ్ ఉంటది, బోర్డు ఉంటది, లోపల వైద్యం ఉండదు. కాబట్టి మీరు అడిగిన మూడు ప్రశ్నలు నాకైతే ఒక్కటే లెక్క కనబడ్తున్నయి, జీతం ఆగినప్పుడు కూడ మనుషుల్ని ఆపుకోగలిగేటట్టు సెంటర్ ఎట్ల కట్టాలె అని.

పైసల సంగతి. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖకు 2018 నుంచి డ్రగ్ డిమాండ్ రిడక్షన్ కు ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళిక ఉంది, నాప్డర్ అంటరు. మీరు చెప్పే 15 పడకల సెంటర్ ను అండ్ల ఐఆర్సీఏ అంటరు. సెంటర్లు తక్కువున్న జిల్లాలకు జిల్లా డీ అడిక్షన్ సెంటర్ అని ఇంకో పద్ధతి కూడ పెట్టిన్రు, అండ్ల పడకలతో పాటు బయట తిరిగే పని, పిల్లల మధ్యల చేసే పని కూడ కలిపి ఉంటది. రెండిటికీ సంస్థకు దర్పణ్ నంబర్, అంటే నీతి ఆయోగ్ పోర్టల్ల స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చే నంబర్, ఉండాలె, అప్లికేషన్ ఆన్లైన్ల ఈ అనుదాన్ పోర్టల్ల పెట్టాలె, అధికారులు వచ్చి ఇన్స్పెక్షన్ చేసి రిపోర్టు రాయాలె, పోయినసారి ఇచ్చిన పైసలకు యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఆడిట్ లెక్కలు ఇయ్యాలె, అప్పుడు గాని తర్వాతి విడత రాదు. ఈ గొలుసుల ఏ ఒక్క కాగితం ఆగినా మొత్తం ఆగుతది. జిల్లాల ఆఫీసర్ ట్రాన్స్ఫర్ అయితే ఫైలు కొత్తాయన చదివేదాక కూసోవాలె, ఎవరి తప్పూ ఉండదు, అయినా నెలలు పోతయి. గ్రాంటు మన దేవరకొండ వాన తీరు, పడ్తది, కానీ నారు పోసిన నాడు పడదు.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది, సెంటర్ తెరవకముందే మొత్తం స్టాఫ్ కు ఆరు నెలల జీతం వేరే ఖాతాల పెట్టుకోండి, దాన్ని పెయింటింగులకు, బోరుకు, జనరేటర్ కు ముట్టొద్దు. గ్రాంటు పడ్డప్పుడు ముందు ఆ ఖాతా నింపాలె, తర్వాతే మిగతావి. ఇది మీ ట్రస్టు తీర్మానంల రాసి పెట్టుకోండి, లేకపోతే బిల్డింగ్ కు ఏదో ఒక అవసరం వస్తనే ఉంటది.

సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు, అంటరు కదా, కంపెనీల చట్టం 135 సెక్షన్ కింద పెద్ద కంపెనీలు సగటు లాభంల 2 శాతం ఖర్చు పెట్టాలె, ఆరోగ్యం అండ్ల వస్తది. మీ ట్రస్టుకు ఇన్కం టాక్స్ కాడ 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలె, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్ 1 ఫారం రిజిస్ట్రేషన్ కూడ కావాలె. కంపెనీలోళ్లకు అంబులెన్సు అంటే ఇష్టం, ఫర్నిచర్ అంటే ఇష్టం, ఎందుకంటే దాని మీద పేరు రాసుకోవచ్చు, ఫొటో దిగొచ్చు. నర్సు జీతం మీద పేరు రాసుకోలేరు గదా. అయినా అడగండి, ప్రపోజల్ల మొదటి లైన్లనే జీతాలు రాయండి, మూడేండ్లకు అడగండి, ఏడాదికి ఒప్పుకోకండి. మిర్యాలగూడ రైసు మిల్లులోళ్లు బియ్యం ఇస్తమంటే సంతోషంగ తీస్కోండి, వంటఖర్చు మస్తు కలిసొస్తది, కానీ బియ్యంతోని పీఎఫ్ కట్టలేం.

ఇంగ ఇంటోళ్ల దగ్గర ఫీజు తీసుకునుడు. చాన ప్రైవేటు సెంటర్లు దీని మీదనే నడుస్తున్నయి, నెలకు ఇంత అని. తప్పని అంటలేను, కానీ ఫీజు రోజుల లెక్కన తీసుకుంటే మనిషిని ఎన్ని రోజులు ఉంచితే సెంటర్ కు అంత లాభం, అక్కడి నుంచి చెడు మొదలైతది. ఇంకో నెల ఉంచుకోండమ్మా, ఇంకా మారలేదు, అని ఇంటామెకు చెప్పుడు, ఆమె పుస్తె తాకట్టు పెట్టి తెచ్చుడు, ఇవన్ని మన దిక్కు జరుగుతనే ఉన్నయి. ఫీజు పెడితే డిటాక్స్ కు, అంటే తాగుడు ఆపిన మొదటి రోజులల్ల ఇచ్చే వైద్యానికి, ఒక రేటు, మొత్తం ప్రోగ్రాంకు ఒక రేటు పెట్టి రాసి గోడకు అతికియ్యండి, రోజులు పెరిగినా రేటు పెరగొద్దు.

ఒక సంగతి ఇక్కడనే చెప్పి ముందుకు పోత. మన రాష్ట్రంల వైన్ షాపులు 2,620. 2023ల ఆ షాపుల లాటరీకి ఒక్కో అప్లికేషన్ కు 2 లక్షలు, వాపస్ ఇయ్యరు, లక్షా 30 వేలకు పైన అప్లికేషన్లు పడ్డయి, షాపు తెరవకముందే సర్కారుకు 2,600 కోట్లు దాటి వచ్చినయి. అండ్ల నుంచి డీ అడిక్షన్ కు ఇంత అని కోసి పక్కన పెట్టే పద్ధతి ఉంటే మీరు ఈ ప్రశ్న అడిగే అవసరమే రాకుండె. ఎమ్మెల్యేను కలిస్తే ఈ మాట అడగండి, నేనైతే అడుగుతనే ఉంట.

సరే, స్టాఫ్. చానమంది ప్రపోజల్ల ఇద్దరు నర్సులు అని రాస్తరు, పగలొకరు రాత్రొకరు. లెక్క చేయండి. వారానికి 168 గంటలు. ఒక నర్సు వారానికి 48 గంటలు చేస్తే, 24 గంటలు ఒక్క నర్సు డ్యూటీల ఉండాలంటేనే మూడున్నర మంది కావాలె. సెలవులు, జరాలు, బతుకమ్మ, పిల్లల పరీక్షలు కలిపితే కనీసం నలుగురు, నన్నడిగితే ఐదుగురు. వార్డు బాయిలు రాత్రి ఇద్దరుండాలె అంటే ఇదే లెక్క డబుల్ అయితది. గ్రాంటుల ఇంతమందికి ఇయ్యరు గదా అంటరు. నిజమే, అందుకే పడకలు తగ్గించుకోండి అని చెప్త, నర్సుల్ని తగ్గియ్యొద్దు.

ఎందుకు ఇంత గట్టిగ అంటున్ననంటే రాత్రి డ్యూటీలనే ప్రాణాలు పోతయి. రోజూ బాగ తాగేటోడు ఆపినంక ఆరు నుంచి ఎనిమిది గంటలకు చేతులు వణకుడు, చెమట, నిద్ర లేకపోవుడు మొదలైతది, మొదటి రెండు రోజులల్ల ఫిట్స్ రావొచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యల కొంతమందికి డెలీరియం ట్రెమెన్స్ వస్తది, గోడ మీద పురుగులు పాకుతున్నయంటడు, ఎవరో చంపనీకి వచ్చిన్రంటడు. దీన్ని ఇంట్లోళ్లు గాలి సోకింది అనుకుంటరు, ట్రైనింగ్ లేని వార్డు బాయ్ అయితే నాటకాలు అనుకుంటడు, అనుకొని కట్టేస్తడు. దీనికి స్కేలు ఉంటది, గంట గంటకు వణుకు, నాడి, బీపీ చూసి నంబర్ వేయాలె, నంబర్ పెరిగితే డాక్టర్ కు ఫోన్ చెయ్యాలె, రాసిచ్చిన ప్రకారం క్లోర్డయజెపాక్సైడ్ గాని, లివర్ ఖరాబైనోళ్లకు లోరాజెపాం గాని ఇయ్యాలె. ఊర్లల్ల ఆర్ఎంపీ ముందుగాల గ్లూకోజు బాటిల్ ఎక్కించి పంపుతడు చూడండి, అది కూడ ప్రమాదమే, థయామిన్, అంటే బీ1 విటమిన్, ఇయ్యకుండ గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు దెబ్బ. ఇవన్ని తెల్సిన నర్సు ఒక్కామె మీ సెంటర్ల అన్నిటికన్న విలువైన ఆస్తి. ఆమెకు హైదరాబాద్ల కార్పొరేట్ ఆసుపత్రి ఇచ్చే జీతం మీరు ఇయ్యలేకపోవచ్చు, కానీ టైముకు ఇయ్యొచ్చు, నైట్ కు ఆటో చార్జీ ఇయ్యొచ్చు, తాగి వచ్చి గలాటా చేసే బంధువుల మీదకు ఆమెను ఒక్కదాన్నే పంపకుండ ఉండొచ్చు.

మన జిల్లాలల్ల ఇంకో పంచాయితీ ఉంది, బయటి రాష్ట్రాల ట్రైనింగుల్ల దీని గురించి సరిగ చెప్పరు. కల్తీ కల్లు. మహబూబ్ నగర్, రంగారెడ్డి, మెదక్, నిజామాబాద్ దిక్కు కల్లు అంటే చెట్టు కల్లు అనుకోవద్దు, క్లోరల్ హైడ్రేట్, డయజెపాం, ఆల్ప్రాజోలాం కలుపుతరు. ఆ మనిషి అడ్మిట్ అయితే రాసుకునేటప్పుడు తాగుడు అలవాటు అని రాస్తరు, మూడో రోజు మంచిగ కనబడ్తడు, అన్నం తింటడు, అందరు ఇంగ అయిపోయింది అనుకుంటరు, తర్వాత ఆరో రోజో ఏడో రోజో ఫిట్స్ వస్తయి, ఎందుకంటే డయజెపాం ఒంట్ల చాన రోజులు ఉంటది, దాని ఎలితి ఆలస్యంగ తెలుస్తది. కాబట్టి అడ్మిషన్ కాడ అడగాల్సిన ప్రశ్న ఎన్ని సీసాలు అని ఒక్కటే కాదు, ఏ ఊరు కాంపౌండ్, అంటే కల్లు దుకాణం, కల్లు, దాంతోని నిద్ర ఎట్ల పడ్తుండె, ఒక పూట దొరక్కపోతే ఏమైతుండె అని కూడ అడగాలె. ఇసొంటోళ్లకు డాక్టర్ రాసిచ్చిన గోళీలు వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గించుకుంట రావాలె, సారాయి కేసు లెక్క వారంల ముగియదు. మీ బడ్జెట్ల దీనికి రోజులు ఎక్కువ పెట్టుకోండి.

ఇంకొకటి, ఎక్సైజోళ్లు ఒక్కసారి కాంపౌండ్లు మూపిస్తే ఏమైతదో 2015ల నిజామాబాద్ దిక్కు అందరు చూసిన్రు, వందల మంది ఒక్కసారే ఆసుపత్రులకు వచ్చి పడ్డరు, పిచ్చి పిచ్చిగ మాట్లాడుడు, ఫిట్స్. ఆ రోజులల్ల దాడి చేసే డిపార్ట్మెంటుకు, వైద్యం చేసే డిపార్ట్మెంటుకు ముందు ఒక ఫోన్ కాల్ ఉండి ఉంటే చాన మేలుండె. మీరు సెంటర్ పెడితే మీ ఎక్సైజ్ సీఐ నంబర్ మీ దగ్గర ఉండాలె, దాడులు ఉన్నప్పుడు ఎక్స్ ట్రా నర్సును పెట్టుకోనీకి చెప్పమనండి. జూలై 2025ల కూకట్ పల్లి కల్లు తాగి మనుషులు చచ్చిపోయినంక దాడులు మళ్ల పెరిగినయి, ఇది పాత ముచ్చట అని విడిచిపెట్టేది కాదు.

ఇంకో సంగతి, మన దిక్కు ఆడోళ్లు కల్లు తాగుతరు, కైకిలికి పోయొచ్చి ఒళ్లు నొప్పులకు తాగుతరు, అది కల్తీది అయితే వాళ్లకూ అదే వణుకు, అదే ఫిట్స్. అయినా ఏ సెంటర్ చూసినా మగోళ్ల వార్డే. మీరు 15ల 3 పడకలు ఆడోళ్లకు వేరే రూముల పెట్టి, ఆడ కౌన్సెలర్ ను, ఆడ అటెండర్ ను పెడితే నల్గొండ జిల్లాల ఆ పని మంచి పేరు తెస్తది. పేరు సంగతి తర్వాత, అవసరం చాన ఉంది.

కౌన్సెలర్ల గురించి. ఎంఎస్డబ్ల్యూనో సైకాలజీనో చదివిన పిల్లలు వస్తరు, మొదటి ఉద్యోగం అయితది, ఏడాది చేస్తరు, ఏదైనా కాంట్రాక్ట్ సర్కారు కొలువు పడంగనే పోతరు, వాళ్లను తప్పు పట్టలేం. 15 పడకలు, నెల రోజుల ప్రోగ్రాం అంటే నెలకు 15 మంది, ఏడాదికి 180 మంది బయటికి పోతరు. ఒక్కొక్కల్ని ఏడాది పాటు ఫాలో అప్ చెయ్యాలంటే రెండో ఏడు మొదలయ్యేసరికి 180 మంది లిస్టు ఉంటది, లోపల ఉన్న 15 మంది కాకుండ. ఇద్దరు కౌన్సెలర్లు ఇదంత ఎట్ల చేస్తరు? చెయ్యరు, చేసినట్టు రిజిస్టర్ రాస్తరు. ఇన్స్పెక్షన్ కు వచ్చినోళ్లు కూడ రిజిస్టర్ చూస్తరు, ఫోన్ చేసి అడగరు. ఇక్కడనే పీర్ ఎడ్యుకేటర్లు, అంటే మానేసి నిలబడ్డ మనుషులు, పనికొస్తరు. దేవరకొండ, చందంపేట తండాలల్ల లంబాడీ మాట్లాడే మనిషి ఒకరుంటే సగం పని అయితది, పట్నం నుంచి వచ్చిన పిల్లగాడు తెలుగుల అరగంట చెప్పేది ఆయన రెండు మాటలల్ల చెప్తడు, వాళ్లు ఇంటరు.

ట్రైనింగ్ కు చెన్నైల టీటీకే ఆసుపత్రి ఉంది, 1980ల శాంతి రంగనాథన్ గారు పెట్టిన సంస్థ, సౌత్ మొత్తం కౌన్సెలర్లకు అక్కడ నేర్పిన చరిత్ర ఉంది. ఢిల్లీల నేషనల్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్ కోర్సులు నడుపుతది. బెంగళూరు నిమ్హాన్స్ ఆన్లైన్ల కేసులు చర్చ పెట్టే పద్ధతి ఒకటి నడుపుతుండె, మారుమూల సెంటర్లోళ్లకు అది మస్తు పనికొస్తది, ఎందుకంటే మీ కౌన్సెలర్ కు కేసు కాడ అనుమానం వస్తే అడగనీకి పక్కన ఎవరూ ఉండరు. వాళ్లను ట్రైనింగ్ కు పంపితే నేర్చుకొని పోతరు అని భయపడే ట్రస్టీలను చూసిన. నేర్చుకోకుండ ఉంటే ఎట్లనో వాళ్లు చెప్పరు.

డాక్టర్. దేశంల లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడ లేరు. దేవరకొండల ఫుల్ టైం సైకియాట్రిస్టు దొరకరు, ఆశ పెట్టుకోకండి. కానీ 2019 నుంచి నల్గొండల గవర్నమెంట్ మెడికల్ కాలేజీ ఉంది, సూర్యాపేటల ఉంది, మహబూబ్ నగర్ల 2016 నుంచే ఉంది, సైకియాట్రీ డిపార్ట్మెంట్ ఉంటది. అక్కడి హెచ్ఓడీని కలిసి, వారానికి రెండు రోజులు విజిటింగ్, మిగతా రోజులు ఫోన్ల, రాత్రి ఎమర్జెన్సీ అయితే జీజీహెచ్ కు, అంటే సర్కారు పెద్దాసుపత్రికి, పంపుతం, తీస్కోండి అని కాగితం మీద రాయించుకోండి. నోటిమాటతోని ఒప్పుకుంటే ఆయన ట్రాన్స్ఫర్ అయిన నాడు అది కూడ పోతది. రోజువారీ చూడనీకి ట్రైనింగ్ తీస్కున్న ఎంబీబీఎస్ డాక్టర్ సరిపోతడు. సర్కారు ఆసుపత్రులల్ల అడిక్షన్ ట్రీట్మెంట్ ఫెసిలిటీ అని ఎయిమ్స్ చూసుకునే స్కీం కూడ ఉంది, ఓపీ, మందులు ఫ్రీ, మీ జిల్లాల ఉందా, లేకపోతే పెట్టించొచ్చా అని కలెక్టరేట్ల అడగండి. ప్రైవేటు సెంటర్ పెట్టే కష్టంల సగం కష్టానికి అది సాధ్యమైతే జిల్లాకు అదే మేలు, మీ ట్రస్టుకు పేరు రాదనుకోండి, వేరే సంగతి.

చట్టం మీద ఎక్కువ రాయను కానీ ఇది తెల్వకుండ తెరవొద్దు. 2017 మెంటల్ హెల్త్ కేర్ చట్టంల మానసిక అనారోగ్యం అంటే మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చేవి కూడ కలుస్తయి. కాబట్టి మీది మెంటల్ హెల్త్ ఎస్టాబ్లిష్మెంట్ అయితది, స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్టర్ చెయ్యాల్సిందే, ముందు ఏడాదికి ప్రొవిజనల్ ఇస్తరు. రిజిస్టర్ చెయ్యకుండ నడిపితే మొదటిసారి 5 వేల నుంచి 50 వేల దాక, మళ్ల మళ్ల చేస్తే 5 లక్షల దాక జరిమానా. ఇష్టం లేని మనిషిని అడ్మిట్ చెయ్యాలంటే 89 సెక్షన్, ఒక సైకియాట్రిస్టు, ఇంకో డాక్టరో మెంటల్ హెల్త్ ప్రొఫెషనలో విడివిడిగ చూడాలె, 30 రోజుల కంటె ఎక్కువ ఆ సెక్షన్ కింద ఉంచలేరు, రివ్యూ బోర్డుకు వారం లోపల చెప్పాలె, ఆడోళ్లు, పిల్లలు అయితే మూడు రోజులల్ల చెప్పాలె. గొలుసులు వేసుడు 95 సెక్షన్ కింద నిషేధం, ఏ రూపంల అయినా సరే. ఇంటోళ్లు ఫోన్ చేస్తే జీపుల నలుగురు పోయి మనిషిని ఎత్తుకొచ్చే సర్వీసు నడుపుతరు చూడండి కొందరు, దానికి ఏ సెక్షన్ల జాగ లేదు. మీ వార్డు బాయిలకు ఇది మొదటి రోజే చెప్పండి, ఎందుకంటే వేరే సెంటర్ల పని చేసి వచ్చినోళ్లు అదే పద్ధతి అనుకుంటరు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, పెద్ద ఎవరు. డాక్టరా, మానేసిన మనిషా? నేనైతే ఈ రెండిట్ల ఏదో ఒకటి ఉండాలె అని చూడను. డాక్టరును ప్రాజెక్టు పెద్దగ పెడితే ఆయన వారానికి రెండు రోజులు వస్తడు, మిగతా ఐదు రోజులు సెంటర్ ఎవరు నడుపుతరో వాళ్లే అసలు పెద్ద, కానీ వాళ్లకు అధికారం ఉండదు, తిట్లు మాత్రం ఉంటయి. మానేసిన మనిషిని పెడితే ఆయనకు రోగి మీద మస్తు ప్రేమ ఉంటది, నేను మానిన, నువ్వు మానవా అనే కోపం కూడ ఉంటది, తన తొవ్వనే అందరి తొవ్వ అనుకుంటడు, మందులు వద్దు మనసు గట్టిగ ఉంటే చాలు అనేటోళ్లు చానమంది వీళ్లల్లనే. ఆయనే ఓనరు కూడ అయితే ఎదురు చెప్పే మనిషి ఉండడు. అదే మనిషి పీర్ ఎడ్యుకేటర్ గ, ఒక సీనియర్ కౌన్సెలర్ కింద, జీతం, సెలవు, నియమం అన్నీ ఉండి పని చేస్తే అసొంటి మనిషి ఇంకొకడు దొరకడు. మళ్ల తాగితే ఏం చేస్తం అనేది కూడ ముందే రాసి పెట్టాలె, పనిల నుంచి పక్కకు పెట్టి, జీతం కట్ చేయకుండ వైద్యం చేయించి, కొన్ని నెలలు చూసి మళ్ల తీసుకుంటమని. అట్ల రాయకపోతే వాళ్లు దాస్తరు, దాచిన మనిషి దగ్గర మందుల తాళం ఉంటే ఏమైతదో మీరే ఆలోచించుకోండి.

మందుల తాళం అంటే గుర్తొచ్చింది, డయజెపాం, ఆల్ప్రాజోలాం, క్లోర్డయజెపాక్సైడ్ ఇవన్ని హెచ్ 1 షెడ్యూల్ల, అంటే డాక్టర్ చీటీ లేకుండ అమ్మొద్దని పెట్టిన మందుల జాబితల, ఉన్నయి, బజార్ల వాటికి ఎంత గిరాకీనో కల్లు కాంపౌండోళ్లకు తెలుసు. స్టాక్ రిజిస్టర్ ఒకరు రాస్తే, లెక్క ఇంకొకరు చూడాలె, తాళం షిఫ్టుల ఉన్న నర్సు దగ్గరనే ఉండాలె, ఓనరు దగ్గర కూడ ఉండొద్దు. చెప్పనీకి చిన్నగుంటది, కానీ పెద్ద మనిషి ఈ రూలు తనకే వర్తింపజేసుకుంటడా లేదా అనేది స్టాఫ్ మొదటి నెలలనే చూస్తరు.

నేను పెద్దగ పెట్టుకునే మనిషి ఎట్లుండాలంటే, రోజంత సెంటర్ల ఉండాలె, నెలకు ఒక నైట్ షిఫ్టు చెయ్యాలె, లెక్కలు చదవొస్తుండాలె, ఆఫీసులల్ల తిరిగే ఓపిక ఉండాలె, ఇంగ అన్నిటికంటె ముఖ్యం ట్రస్టీలకు లేదు అని చెప్పగలగాలె. ఎందుకంటే సర్పంచు బామ్మర్దిని పడక లేకున్నా చేర్చుకోమని ఫోన్ వస్తది. దాతకు చూపెట్టనీకి 90 శాతం మంది మానేసిన్రు అని బోర్డు రాయమంటరు, డిశ్చార్జ్ అయినోళ్లనంత మానేసినట్టు లెక్కేస్తరు. అట్ల రాసిన సెంటర్ల కౌన్సెలర్ కు, మళ్ల తాగి వచ్చిన రోగి అంటే తన ఫెయిల్యూర్ అయిపోతది, అతని మీద చిరాకు పడ్తడు, అతను మళ్ల రాడు. మళ్ల తాగుడు ఈ జబ్బుల ఉండేదే, బీపీ షుగర్ లెక్క, తిరిగి ఎంత తొందరగ వచ్చిండు అనేది లెక్క చూడాలె. దాతలకు ఇది చెప్పగలిగే మనిషి కావాలె. నర్సింగ్ నుంచి గాని, సోషల్ వర్క్ నుంచి గాని పైకి వచ్చినోళ్లల్ల ఇసొంటోళ్లు దొరుకుతరు, ఆడోళ్లైతే ఇంకా మంచిది, కానీ మన ట్రస్టులు వాళ్లను కోఆర్డినేటర్ కంటె పైకి పోనియ్యవు, పైన రిటైర్డ్ ఆఫీసర్ ఒకాయనను కూసోబెడ్తరు.

వారానికి ఒకనాడు స్టాఫ్ అంత కూసొని కేసుల గురించి మాట్లాడుకునే గంట పెట్టండి, వంటామె, వాచ్ మన్ సైతం. రోగి అసలు మాటలు వంటగదిల చెప్తడు, కౌన్సెలింగ్ రూముల చెప్పడు. ఎవడు ఇంటికి పోంగనే తాగుతడో వంటామెకు డిశ్చార్జ్ కు ముందే తెలుస్తది.

మీ జాగల నేనుంటే ఏం చేస్తనో చెప్పి ఆపుత. 15 పడకలతోని మొదలుపెట్టను. ముందు రిజిస్ట్రేషన్ కు అప్లై చేసి, అది వచ్చినంక 6 పడకలు, ఓపీ, నలుగురు నర్సులు, ఒక సీనియర్ కౌన్సెలర్, తండాల తిరిగే ఇద్దరు పీర్లు, విజిటింగ్ డాక్టర్, ఇంతే పెడ్త. 2018ల ఎయిమ్స్ చేసిన, 2019ల బయటికొచ్చిన జాతీయ సర్వే చూస్తే, మద్యానికి బానిసైన 38 మందిల ఒక్కరికే ఏదో ఒక వైద్యం దొరుకుతుంది, పడక మీద ఉండి వైద్యం దొరికేది 180ల ఒక్కరికే. అందరికీ పడకలు ఎన్నటికీ సరిపోవు, చానమందికి అవసరం కూడ లేదు, ఓపీల మందులు తీస్కొని ఇంటి దగ్గరనే మానొచ్చు, ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నోళ్లకు, కల్తీ కల్లు ఎక్కువ తాగేటోళ్లకు, లివర్ బాగ ఖరాబైనోళ్లకు పడక ఉంచాలె. గంజాయికైతే ప్రత్యేకమైన మందు లేదు, అది పూర్తిగ కౌన్సెలింగ్ పని, హైవే 65 మీద నకిరేకల్ నుంచి కోదాడ దాక ఆ పిల్లలు ఈ మధ్య ఎక్కువైన్రు, వాళ్లను తాగుబోతుల వార్డుల కలిపి పడుకోబెట్టొద్దు. రెండేండ్లు ఇట్ల నడిపితే మీ చేతుల ఆడిట్ లెక్కలు, నిజమైన ఫాలో అప్ రిజిస్టర్, నేర్చుకున్న స్టాఫ్ ఉంటరు, అప్పుడు గ్రాంటుకు పెడితే ఇన్స్పెక్షన్ కు వచ్చినాయనకు చూపెట్టనీకి ఏదైనా ఉంటది, గ్రాంటు ఆలస్యమైనా 6 పడకల ఖర్చు మీరు మోయగలరు.

ఈ లోపల మీ ఊర్లె ఎవరికైనా అర్జెంట్ అయితే 14446కు ఫోన్ చేయమనండి, అది డీ అడిక్షన్ హెల్ప్ లైన్, పైసలు పడవు. టెలి మానస్ 14416 కూడ ఉంది, తెలుగుల మాట్లాడుతరు. ఫిట్స్ వచ్చినా, మతి తప్పి మాట్లాడినా ఫోన్ల మీద టైం పోగొట్టకుండ నేరుగ నల్గొండ జీజీహెచ్ కు తీస్కపొమ్మనండి.

మీ ట్రస్టు ఏ సంవత్సరం రిజిస్టర్ అయింది, ఆడిట్ ఎన్నేండ్లది ఉంది, బిల్డింగ్ ట్రస్టు పేరు మీదనే ఉందా లేక ఎవరిదైనా పర్సనల్ దా, ఈ మూడు చెప్పండి. బిల్డింగ్ పర్సనల్ అయితే ముందు కిరాయి అగ్రిమెంట్ రాయించాలె, ఇన్స్పెక్షన్ల అక్కడనే ఆగుతది. దాన్ని బట్టి ఈ అనుదాన్ల ఏ గడిల ఏం నింపాల్నో వేరే రాస్త.